తొంభై రెండు అంటే ఎంత?

(మాస్టారి స్మారకోపన్యాసం, అచ్చు పాఠం)



వెనకబడిన పిల్లలకు పాఠం చెప్పిన మాస్టారి పేరున మాట్లాడమని పిలిచినప్పుడు, ఏ విషయం మీదో మీరే చెప్పండి అన్నాను. "మీ ఇష్టమండీ, కాకపోతే పిల్లల అమ్మానాన్నలు ఎక్కువమంది వస్తారు" అన్నారు నిర్వాహకులు. దాంతో విషయం దానంతటదే తేలిపోయింది. క్లినికల్ సైకాలజిస్టుగా నా దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు రిపోర్టు చేతికి అందగానే అడిగేది ఒకటే మాట: "ఎంతొచ్చింది సార్?" పదో తరగతి ఫలితాల రోజు పక్కింటివాళ్లు అడిగినట్టే ఉంటుంది ఆ గొంతు. నాలుగు పేజీల రిపోర్టులో వాళ్ల కళ్లు వెతికేది ఒక్క అంకెనే. తొంభై రెండు అని కనిపిస్తే వెంటనే ఇంకో ప్రశ్న: "వందకా?"

వందకు కాదు. ఆ "కాదు"ను విప్పి చెప్పడమే ఈ పూట నా పని. ఐక్యూ అంతా బూటకం అనేవాళ్లున్నారు, నుదుటిరాత అని నమ్మేవాళ్లున్నారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఎవరి గురించి అడుగుతున్నాం, ఏ నిర్ణయం కోసం అడుగుతున్నాం అన్నదాన్ని బట్టి అవే ఐదు పాయింట్లు ఒకచోట లెక్కలోకి రావు, ఇంకోచోట ఒక మనిషి ప్రాణమంత బరువు తూగుతాయి.

ముందు గదిలో ఏం జరుగుతుందో చూడండి. బల్లకు ఇటు నేను, అటు తొమ్మిదేళ్ల పాప. మధ్యలో ఎర్ర రంగు, తెల్ల రంగు వేసిన చిన్న చెక్క దిమ్మలు. కార్డు మీద బొమ్మ చూపించి, "ఇలాగే పేర్చమ్మా" అంటాను. నా చేతిలో స్టాప్‌వాచ్. రెండు దిమ్మలు గబగబా పెట్టేసి, మూడోదాన్ని అటూ ఇటూ తిప్పుతూ నా ముఖంలోకి చూస్తుంది, సరేనా అన్నట్టు. నేను అవుననీ అనకూడదు, కాదనీ అనకూడదు. ఆ తర్వాత అంకెలు. సెకనుకొకటి చొప్పున నేను చదువుతాను, విని అలాగే అప్పజెప్పాలి. ఐదంకెల దాకా సాఫీగా నడుస్తుంది. ఇప్పుడు చివరి నుంచి మొదటికి చెప్పమంటాను. నాలుగంకెలకే కనుబొమలు ముడిపడతాయి, గాలిలో వేలితో రాసుకుంటుంది. తర్వాత మాటలకు అర్థాలు, రెండు వస్తువులకు పోలిక, బొమ్మలో లోపించినదేమిటో పట్టుకోవడం. మొత్తం గంట, గంటన్నర. బయట వరండాలో తమ్ముడు ఏడుస్తుంటే పాప చెవి అటే ఉంటుంది. పొద్దున్నే బస్సెక్కి, దార్లో వాంతి చేసుకుని, ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలూ ఉంటారు. అవన్నీ నేను పక్కన రాసుకోవాలి.

పాప తెచ్చుకున్న మార్కులకు విడిగా అర్థం లేదు. అదే వయసు పిల్లలు వందలమందికి ఇదే పరీక్ష ముందే పెట్టి, వాళ్లలో సగటు పిల్లకు 100 అని పేరు పెట్టారు. సగటు నుంచి పిల్లలు ఎంత దూరం చెదిరి ఉంటారో కొలిచి, ఆ దూరానికి 15 పాయింట్లు అన్నారు. డేవిడ్ వెక్స్‌లర్ 1939లో పెద్దవాళ్ల కోసం తయారు చేసిన పరీక్షతో ఈ లెక్క స్థిరపడింది. ఆ ప్రకారం నూటికి 68 మంది 85కూ 115కూ మధ్యలోనే ఉంటారు. 130 దాటేవాళ్లు నూటికి ఇద్దరు, 70కి దిగువన ఉండేవాళ్లూ ఇంచుమించు ఇద్దరే. కాబట్టి 92 అంటే, ఆ వయసు పిల్లల్ని వందమందిని వరసలో నిలబెడితే కింది నుంచి ముప్ఫయ్యో చోటు. 120 వచ్చిన పిల్లకు 100 వచ్చిన పిల్లకంటే ఇరవై శాతం తెలివి ఎక్కువ అనడానికి వీల్లేదు. ఈ కొలతకు సున్నా లేదు.

మన టెట్, డీఎస్సీ కోచింగ్ పుస్తకాల్లో మాత్రం ఇప్పటికీ పాత సూత్రమే: మానసిక వయసును శారీరక వయసుతో భాగించి నూటితో హెచ్చించు. భాగించమన్నది జర్మనీకి చెందిన విలియం స్టెర్న్, 1912లో. నూటితో హెచ్చించి వాడుకలోకి తెచ్చింది స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ లూయిస్ టెర్మన్, 1916లో. పదేళ్ల పిల్లాడి విషయంలో ఈ సూత్రం బాగానే పనిచేస్తుంది. నలభై ఏళ్ల మనిషికి అరవై ఏళ్ల మానసిక వయసు ఉందంటే మెచ్చుకోలో, జాలిపడాలో తెలియదు. అందుకే ఇప్పటి పరీక్షలు భాగహారాన్ని వదిలేశాయి. పరీక్ష రాసే టీచరమ్మలు మాత్రం బట్టీ పట్టక తప్పదు.

ఇంకొక్క లెక్క చెప్పి లెక్కలు కట్టేస్తాను. ఆ పాపకే వచ్చే నెల మళ్లీ పరీక్ష పెడితే అచ్చం 92 రాకపోవచ్చు. మంచి పరీక్ష అయినా సరే, ఐదారు పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. అంటే నేను నిజాయితీగా చెప్పగలిగింది, పాప స్కోరు దాదాపుగా 87కూ 97కూ మధ్య ఉందని. స్థానాల్లో చెప్పాలంటే పంతొమ్మిదో చోటు నుంచి నలభై రెండో చోటు మధ్యలో ఎక్కడో. ఇది తెలిశాక, అన్నకు 96, చెల్లికి 92 అని ఇంట్లో పోలికలు పెట్టేవాళ్లను ఏమనాలి?

అసలు ఇదంతా ఎందుకు పుట్టిందో చూద్దాం. ఫ్రాన్సులో బడి చదువు తప్పనిసరి అయ్యాక, క్లాసులో వెనకబడే పిల్లల సంగతి చూడటానికి 1904లో ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. అందులో సైకాలజిస్టు ఆల్ఫ్రెడ్ బినే ఉన్నాడు. మొద్దు అని టీచరు ముద్ర వేసిన పిల్లను నిజంగా సాయం కావలసిన పిల్ల నుంచి ఎలా వేరుచేయాలన్నది ఆయన సమస్య. థియోడోర్ సిమోన్ అనే యువ వైద్యుడితో కలిసి 1905లో ముప్ఫై చిన్న చిన్న పనుల పట్టిక తయారుచేశాడు. వెలిగించిన అగ్గిపుల్లను కదిలిస్తే కళ్లతో అనుసరించడం, కాగితం చుట్టిన మిఠాయిని విప్పుకుని తినడం, బొమ్మలో వస్తువుల పేర్లు చెప్పడం, విన్న అంకెలు అప్పజెప్పడం, ఇలా తేలిక నుంచి కష్టానికి. ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగారో చూసి, అక్కణ్నుంచి పాఠం మొదలుపెట్టాలన్నది ఆలోచన. తెలివి పెరగదనే వాదన ఆయనకు గిట్టేది కాదు. వెనకబడిన పిల్లల కోసం ధ్యాసనూ జ్ఞాపకాన్నీ సాధన చేయించే వ్యాయామాలు కూడా ఆలోచించాడు. 1911లో, 54 ఏళ్లకే పోయాడు. ఆయన పరీక్ష ఓడెక్కి అట్లాంటిక్ దాటింది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో వైన్‌ల్యాండ్ అనే ఊరు ఉంది. మందబుద్ధి పిల్లలని అప్పట్లో పిలిచినవాళ్ల కోసం అక్కడ ఒక శిక్షణాలయం నడిచేది. దాని పరిశోధన విభాగం పెద్ద హెన్రీ గొడార్డ్ బినే పరీక్షను ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఎల్లిస్ ఐలాండులో ఓడ దిగుతున్న వలస జనం మీద దాన్ని ప్రయోగించి, తన మనుషులు పరీక్షించిన ఇటాలియన్లలో నూటికి 79 మంది మందబుద్ధులే అని ప్రకటించాడు. పరీక్షించింది కొద్దిమందినే. వారాల తరబడి ఓడ అడుగు అంతస్తులో వచ్చి, భాష తెలియక, తలపాగా తీసి నిలబడిన పల్లెటూరి మనిషికి కాగితం, పెన్సిలు ఇచ్చి బొమ్మ గీయమంటే ఏం గీస్తాడు? మొదటి ప్రపంచయుద్ధంలో సైకాలజిస్టు రాబర్ట్ యెర్కీస్ నాయకత్వాన పదిహేడు లక్షలమంది సైనికులకు మూకుమ్మడిగా పరీక్షలు పెట్టారు. ఆ ఫలితాలను చూపి, ఉత్తర ఐరోపా జాతులే తెలివైనవని 1923లో కార్ల్ బ్రిగ్యామ్ పుస్తకం రాశాడు. ఏడేళ్లకు, 1930లో, తన వాదన నిలవదని ఆయనే ఒప్పుకున్నాడు. మన పిల్లలు అమెరికా చదువుల కోసం ఒకప్పుడు కుస్తీపట్టిన శాట్ పరీక్షను రూపొందించింది కూడా ఈ బ్రిగ్యామే.

బ్రిగ్యామ్ వెనక్కి తీసుకున్నాడు గానీ, చట్టాలు వెనక్కి పోలేదు. అప్పటికే, 1927లో, వర్జీనియా రాష్ట్రానికి చెందిన క్యారీ బక్ అనే యువతికి ఆమె ఇష్టంతో పనిలేకుండా గర్భనిరోధక ఆపరేషను చేయవచ్చని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆమె తల్లి మందబుద్ధి, ఆమె మందబుద్ధి, ఆమె చంటిబిడ్డ కూడా మందబుద్ధేనన్నది వాదన. ఆ బిడ్డ పేరు వివియన్. బడికి వెళ్లింది, ఒక టర్ములో మంచి మార్కుల జాబితాలో పేరు కూడా తెచ్చుకుంది, ఎనిమిదేళ్ల వయసులో జబ్బుచేసి చనిపోయింది. అలాంటి చట్టాల కింద అమెరికాలో అరవై వేలమందికి పైగా ఆపరేషన్లు జరిగాయి.

ఇంత విన్నాక, ఇలాంటి కొలతను చెత్తబుట్టలో పడేయక ఇంకా ఎందుకు పట్టుకు వేలాడుతున్నారని మీరు అడగాలి. జవాబు స్కాట్లాండులో ఉంది.

1932 జూన్ 1న స్కాట్లాండు బడుల్లో, 1921లో పుట్టిన పిల్లలందరికీ ఒకే రోజు ఒకే తెలివి పరీక్ష పెట్టారు. మొత్తం 87,498 మంది. పేద, గొప్ప, పల్లె, పట్నం తేడా లేకుండా ఒక దేశం తన పిల్లలందరినీ ఇలా కొలిచిన సందర్భం ఇంకోటి లేదు, ఒక్క స్కాట్లాండే 1947లో మళ్లీ చేసింది. ఆ రికార్డులు దశాబ్దాలపాటు ఎడిన్‌బరోలో దుమ్ముకొట్టుకుని పడి ఉన్నాయి. 1990లలో ఇయన్ డియరీ, లారెన్స్ వ్యాలీ అనే పరిశోధకులు వాటిని బయటికి తీసి, అప్పటి పిల్లల్లో బతికున్నవాళ్లను వెతికారు. అబర్డీన్‌లోని మ్యూజిక్ హాల్లో 101 మంది డెబ్భై ఏడేళ్ల ముసలివాళ్లను కూర్చోబెట్టి, పదకొండేళ్లప్పుడు రాసిన ఆ పరీక్షనే మళ్లీ రాయించారు. రెండు స్కోర్ల మధ్య సంబంధం 0.63. మధ్యలో అరవై ఆరేళ్లు, ఒక ప్రపంచయుద్ధం, పెళ్లిళ్లు, ఉద్యోగాలు, జబ్బులు. అయినా వరస పెద్దగా తారుమారు కాలేదు. ఇంకో విశేషం, చిన్నప్పుడు 15 పాయింట్లు తక్కువ తెచ్చుకున్నవాళ్లు 76 ఏళ్ల దాకా బతికుండే అవకాశం, ఎక్కువ తెచ్చుకున్నవాళ్ల అవకాశంలో 79 శాతమే. కారణాల మీద చర్చ ఉంది: పేదరికం, పొగతాగడం, చేసే పనిలో ప్రమాదం, డాక్టరు చెప్పింది అర్థం చేసుకుని పాటించడం. కానీ బూటకపు కొలత ఇలాంటి జాడను అరవై ఏళ్లపాటు మోసుకురాలేదు. ఐక్యూ ఏదో ఒకదాన్ని కొలుస్తోంది, ఆ ఏదో ఒకటి బతుకులో పనికొస్తోంది.

అయితే సంబంధం 0.63 అంటే జాతకం కాదు. బడి మార్కులకూ ఐక్యూకూ సంబంధం సుమారు 0.5 దగ్గర ఉంటుంది. ఒకరికొకరికి మార్కుల్లో ఉన్న తేడాలో పావు వంతుకు ఐక్యూతో లంకె ఉందని దాని భావం. మిగతా ముప్పావు వంతు వేరే సంగతులది: టీచరు, ఇల్లు, పట్టుదల, ఆరోగ్యం, పక్కన కూర్చున్న స్నేహితుడు. టెర్మన్ 1921లో కాలిఫోర్నియాలో ఐక్యూ మరీ ఎక్కువున్న పిల్లల్ని పదిహేను వందల మందిని ఏరి జీవితాంతం గమనించడానికి పూనుకున్నాడు. వాళ్లు మొత్తమ్మీద బాగానే రాణించారు. నోబెల్ మాత్రం ఒక్కరికీ రాలేదు. పరీక్ష రాసి, స్కోరు చాలక ఆయన తీసుకోని ఇద్దరు అబ్బాయిలకు వచ్చింది: 1956లో విలియం షాక్లీకి, 1968లో లూయిస్ ఆల్వరెజ్‌కు. ఇందులో ఒక వెక్కిరింత కూడా ఉంది. ఆ పరీక్ష వదిలేసిన షాక్లీయే ముసలితనంలో, ఐక్యూ తక్కువున్నవాళ్లు పిల్లల్ని కనకుండా చూడాలని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు.

స్కాట్లాండు వాళ్లు 1947లో మళ్లీ ఎందుకు కొలిచారో తెలుసా? పేదలు ఎక్కువమంది పిల్లల్ని కంటున్నారు, జాతి తెలివి పడిపోతోందని పెద్దమనుషుల భయం. తీరా చూస్తే సగటు పడిపోలేదు సరికదా కాస్త పెరిగింది. అప్పుడెవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1984లో న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రాజనీతి చెప్పుకునే జేమ్స్ ఫ్లిన్ పాత అమెరికా పరీక్షల లెక్కలు తిరగేసి, 1932 నుంచి 1978 లోపు సగటు స్కోరు దాదాపు 14 పాయింట్లు పెరిగిందని తేల్చాడు. ఆ తర్వాత పద్నాలుగు దేశాల లెక్కలు తీస్తే అన్నిచోట్లా అదే కథ, పదేళ్లకు సుమారు మూడు పాయింట్లు. అంటే మన ముత్తాతల్ని ఇప్పటి ప్రమాణాలతో కొలిస్తే సగం ఊరు 70కి దిగువనే తేలుతుంది. వాళ్లు చెరువులు తవ్వించారు, భూమి లెక్కలు నోటితో కట్టారు, వడ్డీ లెక్కలో వాళ్లను మోసం చేయడం ఎవరి తరమూ కాలేదు.

మరి పెరిగిందేమిటి? దీనికి నాకు నచ్చిన జవాబు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. 1930ల మొదట్లో రష్యా సైకాలజిస్టు అలెగ్జాండర్ లూరియా అక్కడి చదువురాని రైతుల దగ్గరికి వెళ్లి నాలుగు బొమ్మలు చూపించాడు: సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ. వీటిలో చేరనిది ఏది? మూడు పనిముట్లు, ఒకటి కాదు, బడిపిల్లలెవరైనా దుంగ అంటారు. రైతులు ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపంతో ఏం కోస్తాం, అన్నీ కావలసినవే అన్నారు. అది తెలివితక్కువ మాట ఎంతమాత్రం కాదు, పని చేసుకునేవాడి మాట. చేతిలోని వస్తువును పక్కనపెట్టి, అది ఏ జాతికి చెందుతుందని ఊహలో వర్గాలు చేయడం బడి నేర్పే అలవాటు. పరీక్ష మార్కులిచ్చేది ఆ అలవాటుకు. బడి, పత్రిక, రైలు టైంటేబుల్, ఫారాలు నింపడం, వీటన్నిటితో ఇరవయ్యో శతాబ్దమంతా ఆ అలవాటు జనంలోకి ఇంకింది. ఒక్కో ఏడాది అదనపు చదువు ఐక్యూను ఒకటి నుంచి ఐదు పాయింట్ల దాకా పెంచుతుందని ఆరు లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ చెబుతోంది. పెరగడమే కాదు, తగ్గడమూ ఉంది. నార్వేలో 1970ల నడుమ పుట్టిన కుర్రాళ్ల తర్వాత స్కోర్లు జారడం మొదలైంది. ఒకే ఇంట్లో అన్నకంటే తమ్ముడికి తగ్గుతోంది కాబట్టి, తప్పు జన్యువులది కాదని అక్కడి పరిశోధకులు తేల్చారు.

జన్యువుల మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఒకే సమాజంలో పెరిగిన పెద్దవాళ్ల మధ్య ఐక్యూ తేడాల్లో సగం, అంతకుపైన వంశపారంపర్యమని కవలల అధ్యయనాలు చెబుతాయి. దాన్ని నేను కాదనను. కానీ ఎత్తు అంతకన్నా వంశపారంపర్యం, అయినా పౌష్టికాహారం అందిన ప్రతి దేశంలోనూ పిల్లలు తాతలకన్నా ఎత్తు పెరిగారు. ఒక గుంపు లోపలి తేడాలకు చెప్పే కారణాన్ని రెండు గుంపుల మధ్య తేడాకు అంటగట్టకూడదు. కులాల తెలివి, దేశాల సగటు ఐక్యూ అని వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల మ్యాపులన్నీ ఆ పప్పులో కాలేసినవే. ఆ మ్యాపుల అడుగునున్న లెక్కల్లో చాలా దేశాలకు చెందినవి కొద్దిమంది పిల్లల మీద, ఎక్కడివో, ఎప్పటివో పరీక్షలతో తీసినవి.

ఇక మన గడపలోకి వద్దాం. బినే పరీక్షను 1930లలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్టు మార్చాడు. బినే-కామత్ పరీక్ష అని ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో వాడుతున్నది దాన్నే. వెక్స్‌లర్ పిల్లల పరీక్షను నాగపూర్‌లో మాలిన్ భారతీయ పిల్లల కోసం మార్చింది 1969లో. ఇటీవల వెక్స్‌లర్ పరీక్షలకు భారతీయ ప్రమాణాలతో కొత్త ఎడిషన్లు వచ్చాయి గానీ ఖరీదెక్కువ, మండల కేంద్రం దాకా రావు. ఫ్లిన్ చెప్పింది గుర్తుపెట్టుకుని ఆలోచించండి. దశాబ్దాల కిందటి పిల్లలతో ఇప్పటి పిల్లను పోలిస్తే స్కోరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఇంట్లో సవర మాట్లాడే సీతంపేట పిల్లను, గోండి మాట్లాడే ఉట్నూరు పిల్లాణ్ని తెలుగులో ప్రశ్నలడిగితే తక్కువ చూపిస్తుంది. ఒక పొరపాటు పైకి, ఒకటి కిందికి. రెండూ కలిసి రద్దయిపోతాయిలే అనుకోవడానికి లేదు, ఎందుకంటే ఒక్కో పిల్ల మీద ఒక్కో పొరపాటు పడుతుంది.

ఇది సైకాలజీ విద్యార్థుల తర్జనభర్జన మాత్రమే అయితే ఇక్కడ ఎత్తేవాణ్ని కాదు. వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపు వరండాలో నిలబడ్డ తల్లికి ఇది పింఛను సంగతి. బుద్ధిమాంద్యం స్వల్పస్థాయిలో ఉంటే సర్టిఫికెట్‌లో 50 శాతం వేస్తారు, మధ్యస్థమైతే 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100. సరిహద్దులో ఉన్న పిల్లకు 25. చట్టం ప్రకారం సదుపాయాలు దక్కాలంటే 40 ఉండాలి. 50కీ 25కీ మధ్య మెట్టు లేదు. అంటే గీతకు అటు రెండు పాయింట్లు, ఇటు రెండు పాయింట్లు, అంతే తేడా. అటుంటే పింఛను, బస్సు పాసు, రిజర్వేషను. ఇటుంటే ఏమీ లేదు. పరీక్షకున్న ఊగిసలాట ఐదారు పాయింట్లని ఇందాక చెప్పాను.

ఇదే గీత అమెరికాలో ఉరికంబం దాకా పోయింది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు మరణశిక్ష వేయరాదని 2002లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్లోరిడా రాష్ట్రం 70 దగ్గర గీత గీసింది. ఫ్రెడ్డీ లీ హాల్ అనే ఖైదీకి 71 వచ్చింది, కాబట్టి చంపవచ్చు అంది. 2014లో కోర్టు 5-4 తేడాతో కుదరదంది. స్కోరు అంటే ఒక బిందువు కాదు, ఒక హద్దు నుంచి ఇంకో హద్దు దాకా ఉండే అంచనా, ఆ మనిషి రోజువారీ బతుకును కూడా చూడాలి అని తీర్పు సారాంశం. ఒక్క పాయింటు ఇంత బరువు మోసిన సందర్భం నాకు ఇంకోటి తెలియదు.

రోజువారీ బతుకును కూడా చూడాలన్నది మన దగ్గర సర్టిఫికెట్ నియమాల్లోనూ ఉంది. అందుకు వాడే సామాజిక పరిణతి కొలమానం పేరు వైన్‌ల్యాండ్. అవును, గొడార్డ్ ఉన్న ఆ వైన్‌ల్యాండే. ఆ తర్వాత అదే చోట పనిచేసిన ఎడ్గర్ డాల్ 1930లలో దీన్ని తయారుచేశాడు. ఇందులో పిల్లను ఏ లెక్కా అడగరు, తల్లిని అడుగుతారు. చేయి కడుక్కుని తనే తింటుందా? గుండీలు పెట్టుకుంటుందా? వీధి చివర దాకా ఒంటరిగా వెళ్లొస్తుందా? డబ్బులిస్తే సరుకు తెస్తుందా? సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ పెట్టినప్పటి నుంచి మన ప్రాంతపు స్పెషల్ టీచర్లు ఎందరో ఈ ప్రశ్నలు నేర్చుకున్నారు.

మాస్టారికి ఈ కొలమానం పేరు తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఎవరైనా పిల్లాణ్ని తీసుకొచ్చి రిపోర్టు చేతికిస్తే ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవారు. పిల్లాడి చేతిలో యాభై నోటు పెట్టి, "ఎదురు కొట్లో పాల ప్యాకెట్టు పట్రా, చిల్లర అడుగు" అని పంపేవారు. తల్లి లేవబోతే కూర్చోమనేవారు. మేమంతా కిటికీలోంచి చూసేవాళ్లం. రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూశాడా, కొట్టువాడు మాట్లాడకపోతే నిలబడిపోయాడా మళ్లీ అడిగాడా, చిల్లర లెక్క చూసుకున్నాడా. వాడు తిరిగొచ్చేసరికి ఆయనకు మొదటి మూడు నెలల పాఠం సిద్ధంగా ఉండేది. రిపోర్టు చదివేది ఆ తర్వాతే. చదివేవారు మాత్రం జాగ్రత్తగా, మొదటి పేజీలో మొత్తం స్కోరు వదిలేసి, లోపల ఏ పనిలో ఎంత వచ్చిందన్న పట్టిక దగ్గర ఆగిపోయి. మాటల్లో వెనకబడి దిమ్మల్లో ముందున్న పిల్లకూ, రెండిట్లోనూ మధ్యస్థంగా ఉన్న పిల్లకూ మొత్తం ఒకటే రావచ్చు. పాఠం ఒకటే ఎలా అవుతుంది?

ఇప్పుడు, ఒక్క పిల్ల విషయంలో లెక్కలోకి రావని నేను చెప్పిన ఆ ఐదు పాయింట్ల దగ్గరికి మళ్లీ వెళ్దాం. లక్షమంది పిల్లలున్న పట్టణం అనుకోండి. సగటు 100 ఉంటే 70కి దిగువన సుమారు 2,300 మంది ఉంటారు. ఏదో కారణాన అందరికీ ఐదేసి పాయింట్లు తగ్గాయి. ఏ తల్లీ గుర్తుపట్టలేదు, ఏ టీచరూ గుర్తుపట్టలేదు, నేనూ పట్టలేను. కానీ 70కి దిగువన ఉండేవాళ్లు 4,800 అవుతారు. రెట్టింపు దాటింది. అలాంటి కారణాలు కల్పన కాదు. రక్తంలో సీసం డెసిలీటరుకు 2.4 నుంచి 10 మైక్రోగ్రాములకు పెరిగితే పిల్లల ఐక్యూ సగటున నాలుగు పాయింట్ల మేర తగ్గుతుందని ఏడు అధ్యయనాలను కలిపి చూసి 2005లో లెక్కకట్టారు. మన పెట్రోలులో సీసం పోయింది 2000లో. పాత బ్యాటరీలు ఇళ్ల మధ్య కరిగించే పని పోలేదు.

అయొడిన్ కథ ఇంకా పెద్దది. అయొడిన్ తక్కువైన ప్రాంతాల పిల్లలకూ తగినంత అందినవాళ్లకూ మధ్య పన్నెండు, పదమూడు పాయింట్ల తేడా చాలా అధ్యయనాల్లో కనిపించింది. దాన్ని ఉప్పుతో సరిచేయవచ్చని మన దేశానికి చూపించినవాడు శ్రీకాకుళంలో పుట్టి విశాఖ వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసి, రెండిటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లకు ఆ రెండు చోట్లా గొంతువాపులు తగ్గిపోయాయి. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆయన కొలిచింది గొంతుల్ని, ఐక్యూను కాదు. కానీ తర్వాతి తరాల్లో ఎందరి స్కోర్లను ఆ ఉప్పు మోసిందో ఊహించండి. ఐక్యూ కొలతను వాడింది మన హైదరాబాదులోనే, తార్నాక పోషకాహార సంస్థవాళ్లు. చంటితనంలో క్వాషియోర్కర్ అనే పోషకాహార లోపపు జబ్బుతో ఒళ్లు ఉబ్బి, చికిత్సతో కోలుకున్న 19 మంది పిల్లల్ని, వాళ్లు ఎనిమిది నుంచి పదకొండేళ్ల వయసుకు వచ్చాక, అదే బడుల్లోని, అదే తరగతి కుటుంబాల పిల్లలతో పోల్చి చంపకం, శ్రీకాంతియా, గోపాలన్ 1968లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు తగ్గింది, వెనకబాటు మిగిలింది. ఆ 19 మందిలో ఏ ఒక్కరి గురించీ ఆ స్కోరు తీర్పు చెప్పలేదు. ఊరి అన్నం గురించి చెప్పింది. ఈ కొలతకు ఇంతకన్నా గౌరవప్రదమైన వాడకం నాకు తెలియదు.

గౌరవం లేని వాడకాలకు మన పట్టణాల్లో కొదవ లేదు. వేలిముద్రలు తీసి మీ అబ్బాయి డాక్టరవుతాడో ఇంజినీరవుతాడో చెబుతామనే సెంటర్లు, కళ్లకు గంతలు కట్టి చదివించే మిడ్‌బ్రెయిన్ శిబిరాలు, ఫోన్లో పది నిమిషాల్లో 147 అని చెప్పి సర్టిఫికెట్‌కు డబ్బు అడిగే పరీక్షలు. వీటికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు, మీ డబ్బు మీ దగ్గరుంచుకోండి. వీటి గురించి ఇంతకన్నా మాట్లాడటం దండగ.

సభలో కొందరు యువ సైకాలజిస్టులు కనిపిస్తున్నారు. ఎమ్ఫిల్ ముగించి జిల్లా ఆసుపత్రుల్లో చేరినవాళ్లూ ఉన్నారు. మీతో ఒక పని పడింది. రిపోర్టు మొదటి పేజీలో స్కోరు రాసేచోట, ఒక అంకె బదులు రెండు హద్దులూ రాయండి. ఏ పరీక్ష, ఏ సంవత్సరపు ప్రమాణాలు, పిల్ల ఇంటి భాష ఏది, మీరు ఏ భాషలో అడిగారు, ఆ రోజు పిల్ల ఒంట్లో ఎలా ఉంది, ఇవన్నీ దాని కిందే రాయండి, ఆఖరి పేజీలో కాదు. గీతకు ఐదు పాయింట్ల లోపున్న పిల్లను ఇంకో పరీక్షతో మళ్లీ చూడందే సంతకం పెట్టకండి. క్యాంపు రోజున వందమంది వరసలో ఉంటారని తెలుసు, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు కూడా దొరకవని తెలుసు. అందుకే ఇది మీ ఒక్కరి మీద వేసి ఊరుకోవడం లేదు. సరిహద్దు పిల్లలకు వేరే రోజు కేటాయించమని జిల్లా అధికారులకు రాసిన అర్జీ ఈ బల్ల మీద ఉంది. వెళ్లేముందు చదివి, సరిపోతుందనిపిస్తే సంతకం చేయండి. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు.